గాలిమరలు - కార్మికుని తాళము

అనంతపురము, కర్నూలు జిల్లాల కొండలపై తిరుగు గాలిమరలను జూచి మురియని తెలుగువాడు లేడు. బొగ్గు లేదు, పొగ లేదు, గాలి మనది. 2025లో భారతదేశపు గాలివిద్యుత్తు 50 వేల మెగావాట్లను దాటినది. సంతోషమే. కాని ఆ మరల లోపల పనిచేయు విద్యుత్కార్మికుని గూర్చి మన సభలు పలికిన మాటలు మిక్కిలి తక్కువ.

కరెంటు తీగను ముట్టినవానికే యపాయమని లోకుల నమ్మకము. ముట్టనివానికిని గలదు. విద్యుత్తు ఒక లోహమునుండి మరియొకదానికి గాలిలో దుమికినప్పుడు పుట్టు మహాజ్వాలను ఆర్క్ ఫ్లాష్ అందురు. దాని వేడిమి 19 వేల సెంటిగ్రేడు డిగ్రీల వరకు పోవచ్చును. సూర్యుని పైభాగపు వేడిమి సుమారు 5,500 డిగ్రీలే. రాగి ఆవిరియై ప్రేలును. పాలియెస్టరు చొక్కా కరగి చర్మమున కంటుకొనును. గాలిమరలలో సాధారణముగ నుండు 690 వోల్టులను జూచి స్వల్పమని తలపరాదు; ప్రవాహము వేల ఆంపియర్లుండును. ఇరుకైన స్తంభములో వెనుకకు తప్పుకొనుటకైన చోటుండదు.

అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రమందలి ఓడెల్ యొద్ద 2010 అక్టోబరు 20వ తేదీన ఇట్లే జరిగినది. మరస్తంభములోని ట్రాన్స్‌ఫార్మరునకు అనుకోని వేళ విద్యుత్తు వచ్చి, యొక కార్మికుని ముఖము, మెడ, రొమ్ము, చేతులు కాలినవి. ఇతరులు కరెంటు విడువకుండ తాళము వేయు నేర్పాటు లేకపోవుటయే ముఖ్యదోషమని యచ్చటి కార్మికరక్షణశాఖ తేల్చి, బుద్ధిపూర్వకమైన తప్పులారు చూపి, 2011లో 3,78,000 డాలర్ల జుల్మానా ప్రతిపాదించినది.

మన లైన్‌మెన్ "ఎల్.సి. తీసికొంటిమి" అందురు. కాగితముపై నున్నంతవరకు లైన్ క్లియర్ మంచిదే. ఫోనులో చెప్పిన మాట షిఫ్టు మారినంతనే మరుగున పడును. కావున స్విచ్చునకు తాళము పడవలెను. దాని చెవి పనిచేయువాని జేబులోనే యుండవలెను. పిదప టెస్టరుతో జూచి, ఎర్తింగు చేసి, అప్పుడే చేయి పెట్టవలెను. మంటకోర్చు దుస్తులు, ముఖకవచము అవశ్యములే. అవి తాళమునకు బదులు కావు. నెలజీతగానికొక కవచము, కాంట్రాక్టు కూలికి వట్టి చొక్కా యనుట యన్యాయము. కంపెనీ కాంట్రాక్టరును, కాంట్రాక్టరు కాలినవాని యజాగ్రత్తను చూపుట న్యాయస్థానములలో మేమెరిగిన పాత పాటయే.

ప్రమాదమును తెలుపవలెననియు, ప్రభుత్వము విచారణ జరిపింపవచ్చుననియు 2003 విద్యుచ్చట్టము 161వ సెక్షను చెప్పుచున్నది. ఆ విచారణల ఫలితములు కచేరీ బీరువాలకు చాలవు. గాలిమరల ప్రమాదములపై ఇన్‌స్పెక్టర్ల నివేదికలను, బాధితుల పేర్లు మినహాయించి, తెలుగున అచ్చొత్తించి ప్రతి మరయొద్దను అంటింపవలెనని ప్రభుత్వమును కోరుచున్నాము.