ఎత్తు అక్వేరియానికి మొద్దే నిచ్చెన

చేపల తొట్టి అనగానే మనలో చాలామందికి టీవీ పక్కన రెండడుగుల గాజు పెట్టె, అందులో నీలిరంగు గులకరాళ్ళు, ప్లాస్టిక్ మొక్క, బుడగలు వదిలే బొమ్మ గుర్తొస్తాయి. ఇప్పుడు పిల్లలకు అది ఆనడం లేదు. హాలుకూ భోజనాల గదికీ నడుమ ఎత్తైన తొట్టి కావాలట, అందులో నిజమైన మొక్కలు పెరగాలట, నడిమిట్ల ఎండు మొద్దొకటి చెట్టులా నిలబడాలట! జగిత్యాలలో మా ఇంట్లో ఒకటి, కోరుట్లలో మా ఆడబిడ్డ ఇంట్లో ఒకటి, సిరిసిల్లలో మా చెల్లెలింట్లో ఒకటి - మా చుట్టాల్లోనే మూడు లెక్క తేలాయి. ముచ్చటపడి కొనేది మగవాళ్ళూ పిల్లలూ. నెల తిరక్కుండా దాని నీళ్ళు తోడేది ఎవరో మీకు వేరే చెప్పాలా? అందుకే కొనకముందే మనం నాలుగు సంగతులు తెలుసుకుని ఉండటం మంచిది.

మొదట బరువు సంగతి. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తు ఉన్న తొట్టిలో దాదాపు 425 లీటర్ల నీళ్ళు పడతాయి. లీటరు నీళ్ళంటే కిలో. దానికి గాజు, ఇసుక, మొద్దు కలిపితే ఆరు క్వింటాళ్ళ దాకా పోతుంది. అంటే యాభై కిలోల బియ్యం బస్తాలు పన్నెండు తెచ్చి ఒకే మూలన పేర్చినట్టు! కింది అంతస్తులో, నేల గట్టిగా, మట్టంగా ఉన్నచోట పెట్టుకోండి. మేడమీదే పెట్టాలంటే ఇల్లు కట్టిన మేస్త్రీనో ఇంజనీరునో అడిగి, దూలం మీదికి బరువు వచ్చేలా గోడవారగా పెట్టించండి.

గాజు మందం విషయంలో పిసినారితనం అసలు పనికిరాదు. నీళ్ళ వత్తిడి తొట్టి పొడవును బట్టి కాదు, ఎత్తును బట్టి ఉంటుంది. గోళెం పైభాగాన చిన్న తూటు పడితే నీళ్ళు ఊరికే కారతాయి, అడుగున పడితే దూరం చిమ్ముతాయి, చూశారు కదా? ఇదీ అంతే. రెండున్నర అడుగుల ఎత్తుకు 12 మిల్లీమీటర్ల గాజు అడగండి.

ఇక అసలు విషయానికి వస్తాను. ఎత్తు తొట్టి చూపుకు ఎంత అందమో, మొక్కలకు అంత కష్టం. పైనుంచి వచ్చే వెలుతురు నీళ్ళలో దిగేకొద్దీ తగ్గిపోతుంది. అడుగున నాటిన ఎర్రాకుల మొక్కలూ, పచ్చిక లాంటి మొక్కలూ వెలుతురు చాలక పసుపెక్కి, కుళ్ళి, పైకి తేలతాయి. దుకాణంలో ఒకటిన్నర అడుగుల తొట్టిలో చూసి మురిసిన మొక్కలు మన ఇంటికొచ్చి ఎందుకు చస్తున్నాయని కుమిలిపోయేవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. మొద్దు అవసరం ఇక్కడే. అందరూ దాన్ని అలంకారం అనుకుంటారు. ఎత్తు తొట్టిలో అది మొక్కలకు నిచ్చెన. వెలుతురు కిందికి దిగి రాకపోతే మొక్కలనే కొమ్మల మీద పైకి ఎక్కిస్తాం!

మొద్దుకు కట్టుకుని బతికే మొక్కలు ముఖ్యంగా రెండు. జావా ఫెర్న్, అనూబియాస్. మొదటిది ఆగ్నేయాసియాది, రెండోది ఆఫ్రికాది. రెండూ తక్కువ వెలుతురుకు ఓర్చుకుంటాయి, గ్యాస్ సిలిండరు పెట్టి బొగ్గుపులుసు వాయువు ఎక్కించే బెడద లేదు. వీటికి అల్లం కొమ్ములాంటి కాండం ఉంటుంది. దాన్ని ఇసుకలో పూడిస్తే కుళ్ళిపోతుంది, కొమ్మకు ఆనించి దారంతో కట్టాలి. దారం నూలుదైతేనే మేలు. మొక్క వేళ్ళు మొద్దును పట్టుకునేసరికి అది తనంతట తానే చీకిపోతుంది. పాలిస్టరు దారం చీకదు, ఏడాది తరువాత కూడా కొమ్మ మీద కట్టు కట్టినట్టే కనిపిస్తుంది. సిరిసిల్ల వాళ్ళకు దారం కొనే పనేముంది! సాంచాలు నడిచే వాడలో అడిగితే ఇంత ముదురు రంగు నూలు దొరక్కపోదు. మా చెల్లెలు అట్లాగే తెచ్చుకుంది.

అన్ని చెట్ల మొద్దులూ పనికిరావు. గన్నేరు, జిల్లేడు విషం, వాటి దగ్గరికే పోవద్దు. వేప చేదు దిగుతుంది, అదీ వద్దు. పాలుకారే చెట్లు, పచ్చి కొమ్మలు, రంగువేసినవి, మందు కొట్టినవి ఏవీ వద్దు. పెరట్లో ఎండిపోయిన జామచెట్టు ఉంటే అదృష్టమే. బెరడు ఒలిచి, ఏడాదిపాటు ఎండిన కొమ్మలు వంకర్లు తిరిగి ఎంతో చక్కగా ఉంటాయి. వానాకాలం పోయాక ధర్మపురి దిక్కు గోదావరి ఒడ్డున కొట్టుకొచ్చిన మొద్దులు కూడా చూడొచ్చు, కానీ అది ఏ చెట్టుదో తెలియకపోతే వదిలేయండి. అడవిలోంచి తేవడం మాత్రం చట్టరీత్యా నేరమని మీవాళ్ళకు చెప్పండి.

తెచ్చిన మొద్దును బ్రష్షుతో రుద్ది, ఉప్పూ సబ్బూ ఏమీ వేయకుండా గోళెంలో నానబెట్టాలి. గిన్నెలో పట్టేదైతే గంటసేపు ఉడకబెట్టండి, పట్టనిదైతే మసిలే నీళ్ళు పోయండి. రెండు మూడు రోజులకోసారి నీళ్ళు మార్చండి. రెండు వారాలు పట్టొచ్చు, రెండు నెలలూ పట్టొచ్చు. ఎండిన కట్టె తేలుతుంది కదా, నీళ్ళు పీల్చుకుని మునిగేదాకా ఓపిక పట్టాలి.

మునిగినా నిలబెట్టడానికి అడుగున రాయి కావాలి. కడప బండ, షాబాదు బండ వాడకండి. రెండూ సున్నపురాయి జాతి, నీళ్ళ ఉప్పదనం పెంచుతాయి. మనది గ్రానైటు సీమ! బండలమ్మే చోట పగిలిన గ్రానైటు ముక్క అడిగి, తూటు వేయించి, తుప్పుపట్టని స్టీలు మరతో మొద్దుకు బిగించండి. ఒకరోజు చేయి తగిలి మొద్దు గాజుమీద ఒరిగిందనుకోండి, ఆ ఆరు క్వింటాళ్ళూ హాల్లోనే!

మొద్దును సరిగ్గా నడుమ పెట్టకండి. పొడవును మూడు పాళ్ళు చేసి, ఒక పాలు దగ్గర నిలబెడితే కంటికి ఇంపుగా ఉంటుంది. ఎత్తులో ముప్పావు వంతు దాకా రావాలి. చుట్టూ గాజుకూ కొమ్మకూ మధ్య మన అరచేయి తిరిగేంత సందు ఉండాలి, లేకపోతే పాచి గీకలేం. ఈ విద్యకు పేరు తెచ్చినాయన జపాను దేశపు తకాషి అమానో (1954-2015). సైకిలు పందేల నుంచి ఫోటోగ్రఫీకి, అక్కణ్ణుంచి నీటి తోటలకు వచ్చాడు. పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లోని ఓషనేరియంలో 2015లో 40 మీటర్ల పొడవున, 1,60,000 లీటర్ల నీళ్ళతో ఆయన అమర్చిన అడవి చూస్తే మన నాలుగడుగులది ఉగ్గుగిన్నె అనిపిస్తుంది. ఆయన తొట్లలో బొమ్మలుండవు. రాళ్ళు, మొద్దులు, మొక్కలు, అంతే.

ఇసుక మానేరుదైనా సరే, నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగాలి. గుప్పెడు తీసి వెనిగరు పోయండి, బుసబుస పొంగితే అందులో సున్నం ఉన్నట్టు. ముందువైపు రెండంగుళాలు, వెనకవైపు ఐదంగుళాలు పరవండి. వెనక వాలిస్నేరియా నాటండి. పొడవాటి రిబ్బన్లలాంటి ఆకులు నీళ్ళ పైదాకా తామే పోతాయి, ఎత్తు తొట్టి కోసమే పుట్టినట్టు! నాటేది మూడోవంతు నీళ్ళు ఉండగానే నాటాలి. నిండాక చేయి అడుగుకు అందదు. మిగతా నీళ్ళు పోసేటప్పుడు ఇసుక మీద ఇస్తరాకు వేసి దానిమీద పోస్తే చెదరదు. లైటు రోజుకు ఏడెనిమిది గంటలు చాలు. ఎండ సూటిగా పడితే పాచి పడుతుంది. ఎరువుకు వేళ్ళ దగ్గర పెట్టే మాత్రలు దొరుకుతాయి. యూరియా, పేడ మాత్రం వద్దు, చేపలు బతకవు.

నీళ్ళు నింపిన వారానికి కోరుట్ల నుంచి ఫోను. "వదినా, నీళ్ళు చాయ్ లెక్క అయినయి. మొద్దు మీద తెల్లగ బూజు గూడ వచ్చింది. అంతా పారబోయాల్నా?" అక్కరలేదు. ఆ రంగు కట్టెలోని వగరు, చేపలకు హాని లేదు. వారం వారం నీళ్ళు మారిస్తే పలచబడుతుంది. బూజు కూడా కొత్త మొద్దుకు మామూలే, పాత టూత్‌బ్రష్షుతో తీసేస్తే కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. అమెజాన్ నదిలో కొన్ని పాయల నీళ్ళు ఎప్పుడూ ఆ రంగులోనే ఉంటాయి.

పారబోయక్కరలేదు గానీ చేపలు వేయడానికి తొందరపడొద్దు. చేపల మలంలోంచి, మిగిలిన మేతలోంచి అమ్మోనియా పుడుతుంది. దాన్ని ముందు నైట్రైటుగా, తరువాత నైట్రేటుగా మార్చే సూక్ష్మజీవులు ఫిల్టరు స్పాంజిలో పెరగాలి, నెలరోజులు పడుతుంది. తెలిసినవాళ్ళ పాత తొట్టి నుంచి వాడిన స్పాంజి ముక్క తెచ్చి వేస్తే పాలకు తోడు వేసినట్టే, త్వరగా కుదురుకుంటుంది. ఆ స్పాంజిని నల్లా కింద కడిగితే తోడు చచ్చిపోతుంది. తొట్టిలోంచి తీసిన నీళ్ళలోనే పిండాలి.

నల్లా నీళ్ళయితే క్లోరిన్ ఉంటుంది. ఒకరోజు బకెట్లలో నిలవ ఉంచండి, లేదా క్లోరిన్ విరిచే మందు చుక్కలు వేయండి. బోరు నీళ్ళయితే మీ గిన్నెల అడుగున తెల్లటి పొర కడుతోందా చూసుకోండి. బాగా కడితే గప్పీ, మోలీ, ప్లాటీ చేపలు వేయండి, వాటికి అట్లాంటి నీళ్ళే ఇష్టం. మరీ ఉప్పన కానిచోట నాలుగైదు ఏంజెల్ చేపలు వేసుకోవచ్చు. నిలువుగా ఉండే చేప, కొమ్మల సందుల్లో తిరుగుతుంటే ఎత్తు తొట్టికి కళ వస్తుంది. ఆర్.ఓ. యంత్రం బయటికి వదిలే నీళ్ళు పొదుపు అనుకుని పోయకండి, ఉప్పులన్నీ అందులోనే మిగిలి ఉంటాయి. గోల్డ్‌ఫిష్ మొక్కల్ని కొరుకుతుంది. కొర్రమట్ట పిల్ల ముద్దుగా ఉంటుంది గానీ పెరిగాక మిగతావాటిని మింగేస్తుంది.

మన ఎండల సంగతి చెప్పాలా? నీళ్ళు వేడెక్కితే అందులో ప్రాణవాయువు తగ్గుతుంది. ఎత్తు తొట్టికి నీళ్ళు ఎక్కువ, గాలి తగిలే పైభాగం తక్కువ, కాబట్టి దీనికే ముప్పు ముందు. మూత తీసి నీళ్ళ మీదికి చిన్న ఫ్యాను తిప్పండి, రెండు డిగ్రీలైనా తగ్గుతుంది. జాలీ అడ్డం పెట్టండి, చేపలు ఎగురుతాయి. కరెంటు పోతే బ్యాటరీతో నడిచే గాలి పంపు తప్పకుండా ఉండాలి. ఇంకొకటి, దోమల కాయిల్, దోమల మందు పిచికారీ ఆ గదిలో వద్దే వద్దు. ఆ మందు చేపలకు కాలకూటం, గాలి పంపు దాన్ని లాగి నేరుగా నీళ్ళలోకి కొడుతుంది.

పాచి తింటుందని చెప్పి సక్కర్ చేప అంటగడతారు. వేలెడంత ఉన్నప్పుడు బాగానే ఉంటుంది, అడుగు దాటాక మొక్కల్ని పెకిలిస్తుంది. అప్పుడు మనవాళ్ళు "పాపం, బతకనీ" అని చెరువులో వదిలేస్తారు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ చేపను మన జాలర్లు దెయ్యం చేప అంటున్నారు. దాని ముళ్ళకు వలలు చినుగుతున్నాయి, అమ్ముదామంటే కొనేవాడు లేడు. గుర్రపుడెక్క కూడా పూలు అందంగా ఉన్నాయనే అక్కడి నుంచి దేశదేశాలకూ పోయింది. మనం ఇచ్చిందీ ఉంది మరి! మన చెరువుల్లో పెరిగే హైడ్రిల్లా నాచు 1950లలో అక్వేరియం మొక్కగా ఫ్లోరిడా చేరి, అక్కడి కాలువలను కప్పేసింది. దాన్ని తీయడానికి వాళ్ళు ఇప్పటికీ డబ్బు పోస్తూనే ఉన్నారు. కాబట్టి చేపను పెంచలేకపోతే దుకాణానికి తిరిగి ఇవ్వండి, లేదా ఇంకో తొట్టి ఉన్నవాళ్ళకు ఇవ్వండి. కత్తిరించిన మొక్కలను ఎండబెట్టి ఎరువు గుంటలో వేయండి. బతుకమ్మను వదిలే చెరువులోకి మాత్రం ఏదీ పోనివ్వకండి.

చివరగా, ఆ నీళ్ళ పని. వారానికి పావు వంతు మార్చాలంటే వంద లీటర్లు, అంటే ఐదారు బకెట్లు. చెంబులతో తోడి నడుము విరగ్గొట్టుకోకండి. సన్నటి పొడవాటి పైపు నీళ్ళతో నింపి, ఒక కొస తొట్టిలో ముంచి, రెండో కొస తొట్టి కన్నా కిందికి పెరట్లోకి వదిలితే తానే కారిపోతుంది. అవి మల్లెచెట్టుకూ కరివేపాకుకూ పారించండి, చేపల ఎరువు ఊరిన నీళ్ళు. పైపు పట్టుకుని నిలబడే పని, తొట్టి కావాలని గోల చేసినవాళ్ళదే. మా ఇంట్లో ఆదివారం పొద్దున చాయ్ ఆ పని అయ్యాకే ఇస్తాను.