గర్భసంచి తీయడానికి డబ్బుంది, కాపాడడానికి లేదా?

2025 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లోని ఒక ఆసుపత్రి ఓపీ గదిలో మా చెల్లె డాక్టర్‌ను ఒక ప్రశ్న అడిగింది. "సార్, ఈ మందులు ఎక్కిస్తే నాకు పిల్లలు అయితరా?" ఆమెకు ఇరవై ఏడేళ్లు. పెళ్లయి మూడేళ్లు. రొమ్ము క్యాన్సర్ అని తేలి అప్పటికి తొమ్మిది రోజులు. డాక్టర్ ఫైలులోంచి తల ఎత్తకుండానే "ముందు బతుకమ్మా, పిల్లల సంగతి తర్వాత" అన్నాడు. "బతుకుతనని నాకు ఎర్కే సార్. బతికినంక ఎట్లని అడుగుతున్న" అంది చెల్లె. జవాబు రాలేదు. ఇంకో పేషెంటు పేరు పిలిచారు.

ఆ ప్రశ్నకు వైద్యంలో జవాబు ఉంది, అదీ చాలా ఏళ్లుగా ఉంది. కీమోలో వాడే సైక్లోఫాస్ఫమైడ్ లాంటి మందులు క్యాన్సర్ కణాలతోపాటు అండాశయంలోని అండాలనూ చంపుతాయి. అందుకే కీమో మొదలయ్యేలోపు పది పన్నెండు రోజులు ఇంజెక్షన్లు ఇచ్చి, అండాలను బయటకు తీసి, గడ్డకట్టించి దాచవచ్చు. అది వీలుకాకపోతే నెలకొకసారి ఇంజెక్షన్‌తో అండాశయాన్ని నిద్రపుచ్చి కొంతవరకు కాపాడే ప్రయత్నం చేయవచ్చు. మగవాళ్లకైతే ఇంకా సులువు. వీర్యం దాచడం ఒక్కరోజు పని. వయసులో ఉన్న ప్రతి రోగికీ చికిత్సకు ముందే ఈ విషయం చెప్పాలని అమెరికా క్లినికల్ ఆంకాలజీ సొసైటీ 2006లోనే మార్గదర్శకాలు ఇచ్చింది.

ఇదంతా మాకు తెలిసింది ఆసుపత్రిలో కాదు. ఆ రాత్రి యూనివర్సిటీ హాస్టల్ గదిలో కూర్చొని ఇంగ్లిష్ జర్నళ్లు వెతికితే తెలిసింది. మా కుటుంబంలో పీహెచ్‌డీ దాకా వచ్చిన మొదటి మనుషులం మేము. మేమూ పదో తరగతితో ఆగిపోయి ఉంటే, మా చెల్లె ప్రశ్న ఓపీ గది గుమ్మం దగ్గరే ఆగిపోయేది. జనగామలో, మానుకోటలో, భూపాలపల్లిలో ఎంతమంది ప్రశ్నలు అట్లా ఆగిపోయాయో లెక్క రాసినవాళ్లు లేరు.

చికిత్స ఒకరికి, అప్పు మూడు జిల్లాలకు

చెల్లె సర్జరీ, కీమో, రేడియేషన్ ఆరోగ్యశ్రీలో జరిగాయి. ఇది చిన్న విషయం కాదు. 2007లో మొదలైన ఈ పథకం లేకపోతే మాలాంటి కుటుంబాలు క్యాన్సర్ ఆసుపత్రి మెట్లు ఎక్కేవి కావు. 2023 డిసెంబర్‌లో తెలంగాణ ప్రభుత్వం దీని పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచింది. కానీ ఆ పది లక్షల్లో అండాలు దాచడానికి ఒక్క రూపాయి లేదు. కేంద్రం ఆయుష్మాన్ భారత్ అయితే సంతాన సాఫల్యానికి సంబంధించిన చికిత్సలను వర్తించనివాటి జాబితాలోనే పెట్టింది.

ప్రైవేటు కేంద్రంలో మాకు చెప్పిన అంకె లక్షా 70 వేలు. దాచినందుకు ఏటా 15 వేల అద్దె అదనం. చేతిలో ఉన్న గడువు పన్నెండు రోజులు. 2025-26లో తెలంగాణలో ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు. ఏడాదికి వంద రోజుల పని పూర్తిగా దొరికినా, తిండి మానేసి మొత్తం కూడబెట్టినా లక్షా 70 వేలకు ఐదున్నరేళ్లు పడుతుంది.

డబ్బు ఎట్లా వచ్చిందో చెప్పాలి, ఎందుకంటే ఇట్లాంటి చికిత్సల అసలు ధర ఆసుపత్రి బిల్లులో కనిపించదు. జనగామ జిల్లాలో ఉండే మా అవ్వ మహిళా సంఘంలో 50 వేల లోను ఎత్తింది. పెళ్లయ్యాక మానుకోట దగ్గర అత్తగారి ఊళ్లో ఉంటున్న మా అన్న, వచ్చే సీజన్ మిర్చి ఏరడానికి తానూ వదినా వస్తామని ఒప్పుకొని ఆసామి దగ్గర 40 వేలు ముందే తెచ్చాడు. భూపాలపల్లిలో బొగ్గు పనికి పోయే చెల్లె భర్త, పెళ్లిలో పెట్టిన తులం బంగారాన్ని గిర్వి పెట్టి 60 వేలు తెచ్చాడు. మిగిలిన 20 వేలు మా హాస్టల్ మిత్రులు వేసుకున్నారు. మా ఫెలోషిప్ అప్పటికి నెలల తరబడి రాలేదు.

ఇందులో ప్రతి రూపాయి వెనుకా ఒక కులం లెక్క ఉంది. భూమి ఉన్న ఇంట్లో అయితే పట్టాదారు పాసుబుక్కు పెట్టి బ్యాంకులో అప్పు తెస్తారు. మా ఇంట్లో తాకట్టు పెట్టడానికి ఉన్నది రాబోయే ఏడాది రెక్కల కష్టమే. అన్నావదినలు ఈ ఏడాది మిర్చి కూలి ఎంత అని బేరమాడలేరు. ధర నిరుడే తెగింది.

భూపాలపల్లిలో ఇంకో తేడా కళ్లకు కడుతుంది. సింగరేణి పర్మినెంటు కార్మికుడి ఇంట్లో జబ్బు వస్తే కంపెనీ ఆసుపత్రి ఉంది, హైదరాబాద్‌కు రెఫరల్ ఉంది. అదే బొగ్గు దుమ్ములో పనిచేసే కాంట్రాక్టు కార్మికుడికి ఆ అండ లేదు. రైలు లేని ఆ ఊరి నుంచి హైదరాబాద్‌కు ప్రతి కీమోకూ బస్సులోనే వచ్చారు. మహాలక్ష్మి పథకంలో చెల్లెకు టికెట్ లేదు. తోడు వచ్చిన భర్తకు ఉంది. అతనికి పోయిన కూలి ఏ పథకంలోనూ లేదు.

ప్రభుత్వం మా గర్భం మీద పెట్టిన ఖర్చు

"ఇది ఖరీదైన వ్యవహారం, ప్రభుత్వం ఎక్కడ భరిస్తుంది" అని మాతో చాలామంది అన్నారు. మా అవ్వ మాత్రం అనలేదు. ఆమెకు ముప్ఫై రెండేళ్లకే గర్భసంచి తీసేశారు. తెల్లబట్ట అవుతోందని పోతే, ఉంచితే క్యాన్సర్ వస్తుందని భయపెట్టి పట్నం నర్సింగ్ హోమ్‌లో ఆపరేషన్ చేశారు. నెల తిరగకముందే నాట్లకు పోయింది. నడుం నొప్పి ఇప్పటికీ ఉంది.

ఇది ఒక్క మా అవ్వ కథ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో సుమారు 3 శాతం. తెలంగాణలో సుమారు 8, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 9. ఉమ్మడి రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ సొమ్ముతో ప్రైవేటు ఆసుపత్రులు ఈ ఆపరేషన్లు విచ్చలవిడిగా చేస్తున్నాయని విమర్శలు వచ్చాక, వాటిని ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేయాల్సి వచ్చింది. రాజస్థాన్, బిహార్, ఛత్తీస్‌గఢ్‌లలో పేద మహిళలకు అనవసరంగా గర్భసంచులు తీశారన్న కేసులో 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఈ ఆపరేషన్లపై మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది.

కుటుంబ నియంత్రణ సంగతి చూడండి. తెలంగాణలో పెళ్లయిన మహిళల్లో 60 శాతానికి పైగా ఆపరేషన్ చేయించుకున్నవారే. చేయించుకున్నందుకు ప్రోత్సాహక సొమ్ము కూడా ఉంది. 2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నం ప్రభుత్వ ఆసుపత్రిలో ఒక్కరోజే 34 మందికి ఆపరేషన్లు చేస్తే నలుగురు తల్లులు చనిపోయారు. పెళ్లి చేసుకుంటే కళ్యాణలక్ష్మి కింద లక్షా 116 రూపాయలు ఇస్తున్నారు. అంటే దళిత స్త్రీ పెళ్లికి డబ్బుంది. పిల్లలు చాలనుకున్నాక నాళాలు కోయడానికి డబ్బుంది. గర్భసంచి తీయడానికి ఒకప్పుడు బీమా సొమ్మే పారింది. జబ్బు నుంచి బతికి బయటపడ్డాక బిడ్డను కనాలా వద్దా అని ఆమె తానే నిర్ణయించుకునే వీలును కాపాడడానికి మాత్రం పద్దు లేదు. దీన్ని నిధుల కొరత అనలేము. ఎవరి సంతానం ఎక్కువైంది, ఎవరి సంతానం విలువైనది అన్న లెక్క ఇది.

మన వైపు నుంచి వచ్చే అభ్యంతరాలు

ఉద్యమ మిత్రులు కొందరు నిజాయితీగానే అడిగారు. మానుకోట తండాల్లో, మన వాడల్లో క్యాన్సర్ ఆఖరి దశలో గానీ బయటపడనప్పుడు అండాలు దాచడం గురించి మాట్లాడడం విలాసం కాదా? ఈ రెండూ పోటీ పడాల్సినవి కావు. రోగం త్వరగా బయటపడాలి, చికిత్స దగ్గర్లో దొరకాలి, బతికాక బతుకు మిగలాలి. మొదటి రెండూ సాధించేదాకా మూడోది అడగవద్దంటే, మన ఆడవాళ్లను ఎప్పటికీ ప్రాణం దగ్గరే నిలబెట్టినట్టు. బతుకు అడగడం ఉన్నవాళ్ల హక్కు, ప్రాణం అడగడం లేనివాళ్ల హక్కు అన్న విభజనను మనం ఒప్పుకోకూడదు.

ఇంకొందరు దత్తత తీసుకోవచ్చు కదా అన్నారు. తీసుకోవచ్చు. పిల్లలే వద్దనుకోవచ్చు కూడా. తల్లి కాకపోతే ఆడదానికి విలువ లేదని మేము అనడం లేదు. ఊళ్లో మా చెల్లెను "గొడ్రాలు" అన్న నోళ్లతో మాకు రోజూ కొట్లాటే. మా వాదన ఒక్కటే. ఆ నిర్ణయం ఆమెది కావాలి, ఆమె దగ్గర డబ్బు లేకపోవడానిది కాకూడదు. 1928లో బొంబాయి శాసనమండలిలో కూలి స్త్రీల ప్రసూతి ప్రయోజనాల బిల్లును సమర్థించింది అంబేడ్కరే. 1938లో సంతాన నియంత్రణ సౌకర్యాలు కల్పించాలన్న తీర్మానం వెనుక నిలిచిందీ ఆయన పార్టీయే. కనే హక్కు, కనకుండా ఉండే హక్కు రెండూ స్త్రీవేనన్న చూపు మనకు కొత్తది కాదు. 2009లో సుచితా శ్రీవాస్తవ కేసులో సుప్రీంకోర్టు కూడా సంతానం విషయంలో స్త్రీ ఎంపికను 21వ అధికరణం ఇచ్చిన వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమంది.

ఏం అడగాలి

ఇతర దేశాలు దీన్ని దానంగా చూడడం లేదు. ఫ్రాన్స్ 2004లోనే చికిత్స వల్ల సంతాన సామర్థ్యం పోయే ప్రమాదమున్న రోగికి దాన్ని కాపాడుకునే హక్కును చట్టంలో రాసింది. జపాన్ 2021లో యువ క్యాన్సర్ రోగులకు ప్రభుత్వ సాయం మొదలుపెట్టింది. ఇక్కడ మనం సున్నా నుంచి మొదలుపెట్టనవసరం లేదు. హైదరాబాద్ రెడ్ హిల్స్‌లో ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఎంఎన్‌జే ఉంది. అదే నగరంలోని గాంధీ ఆసుపత్రిలో 2023లో ప్రభుత్వ సంతాన సాఫల్య కేంద్రం తెరిచారు. ఈ రెండింటినీ కలిపే ఒక రెఫరల్ చీటీ, ఆరోగ్యశ్రీలో ఒక ప్యాకేజీ కావాలి. వీర్యం దాచడం, అండాశయాన్ని కాపాడే ఇంజెక్షన్, అండాలు తీసి దాచడం, ఏటా కట్టే అద్దె అన్నీ అందులో ఉండాలి.

ఎస్సీ, ఎస్టీ రోగులకు దీని ఖర్చు ప్రత్యేక అభివృద్ధి నిధి నుంచి ఇవ్వవచ్చు. 2017 నాటి ఆ చట్టం, ఖర్చు కాని నిధులను మరుసటి ఏడాదికి కలపాలని కూడా చెబుతోంది. 2011 జనాభా లెక్కల ప్రకారం మహబూబాబాద్ జిల్లాలో మూడో వంతుకు పైగా ఆదివాసులు, లంబాడీలే. ఆ నిధి వాళ్ల పేరు మీదే ఉంది.

చట్టంలోనూ మార్పు కావాలి. 2021 ఏఆర్‌టీ చట్టం ఈ సేవలు పొందే స్త్రీకి 21 ఏళ్లు దాటి ఉండాలంటుంది. దాచిన అండాలకు పదేళ్ల గడువు పెడుతుంది. పద్దెనిమిదేళ్లకు బ్లడ్ క్యాన్సర్ వచ్చిన విద్యార్థిని ఏం చేయాలి? క్యాన్సర్ రోగులకు ఈ వయసు, గడువు రెండూ సడలించాలి.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడింటికీ ఇప్పుడు ప్రభుత్వ మెడికల్ కాలేజీలు ఉన్నాయి. జిల్లా ఆసుపత్రులన్నింటిలో మూడేళ్లలో డే కేర్ క్యాన్సర్ కేంద్రాలు పెడతామని 2025 కేంద్ర బడ్జెట్ చెప్పింది. అవి వచ్చినప్పుడు కేస్‌షీట్‌లో ఒక వరుస ఉండాలి: సంతానం గురించి రోగికి చెప్పారా, తెలుగులో చెప్పారా, ఆమె ఏమంది? ఈ వరుసకు పైసా ఖర్చు లేదు. విద్యార్థి సంఘాలు మొదట అడగగలిగింది ఇదే.

చెల్లె చికిత్స ముగిసింది. ఇప్పుడు రోజూ హార్మోన్ మాత్ర వేసుకుంటోంది. పద్దెనిమిది నుంచి ముప్ఫై నెలలు మాత్ర వాడాక గర్భం కోసం రెండేళ్ల దాకా ఆపినవాళ్లలో స్వల్పకాలంలో జబ్బు తిరగబెట్టడం పెరగలేదని 2023లో ఒక అంతర్జాతీయ అధ్యయనం చెప్పింది. కాబట్టి ఇంకా ఆగాలి. ఏడు అండాలు దొరికాయి. ఏడింటిలో ఒక్కటైనా బిడ్డ అవుతుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు, మేము ఆశించడమూ లేదు. కానీ ఏటా ఏప్రిల్‌లో 15 వేలు కట్టాలి. కట్టకపోతే ఏమవుతుందో మేము సంతకం పెట్టిన కాగితంలో ఉంది.

సంఘం కిస్తీ కట్టి వచ్చిన అవ్వ మొన్న ఫోన్‌లో అడిగింది. "అద్దె సంగతి ఏం జేసిన్రు?" ఆమెకు లోను ఇంకా పద్నాలుగు కిస్తీలు మిగిలి ఉంది. "మా కాలంల తీసేసుడే గని దాసుడు ఎక్కడిది. ఇడిసిపెట్టకున్రి" అంది.