ఊరి బడికి ఏడాది లెక్క

ఉగాదినాడు పంచాంగ శ్రవణము చేసి, ఎవరి రాశికి ఆదాయమెంత, వ్యయమెంత యని తెలిసికొనుట తెలుగువారి ఆచారము. రైతు కళ్ళములో పంట కొలుచుకొనును. వర్తకుడు చిట్టా ఆవర్జాలు సరిచూచుకొనును. పొదుపు సంఘముల స్త్రీలు సైతము తమ జమాఖర్చులను పదిమందిలో చదివించుకొందురు. ఉగాది వెళ్ళిన కొలది వారములకే, ఏప్రిల్ నాలుగవ వారమున, మన ప్రాథమిక పాఠశాలలకు వేసవి సెలవులు వచ్చును. అంతటితో ఒక విద్యా సంవత్సరము ముగియును. ఆ ఏడు ఊరి బిడ్డలకు అబ్బిన దెంత, అబ్బకపోయిన దెంత యని ఊరివారు కూర్చుండి లెక్క చూచుకొను దినము మాత్రము మన పల్లెలలో మిక్కిలి అరుదు.

లెక్కలు వ్రాయుట లేదని కాదు. హాజరు పట్టీ కలదు, మార్కుల రిజిస్టరు కలదు, మధ్యాహ్న భోజనమునకు సంబంధించిన బియ్యము, గ్రుడ్ల పద్దు కలదు. వానికి తోడు ఉపాధ్యాయుని చేతిఫోను నుండి పైకి పోవు ఛాయాచిత్రములు కలవు. కాని యీ లెక్కలన్నియు మండలమునకు, జిల్లాకు, రాజధానికి ఎక్కిపోవునవే. బిడ్డను పంపిన తల్లిచేతికి వచ్చునది ప్రగతి పత్రమొక్కటి. అందులో బిడ్డకు వచ్చిన శ్రేణి యుండును. బడికి వచ్చిన శ్రేణి యుండదు.

వెనుకటి వీథిబడులలో ఈ లెక్క వేరొక రూపమున జరిగెడిది. దసరా దినములలో పంతులుగారు శిష్యులను వెంటబెట్టుకొని ఇంటింటికి పోయెడివారు. పిల్లలు విల్లంబులు చేతబట్టి, నేర్చిన పద్యములు చదివెడివారు. గృహస్థులు పంతులుగారికి సంభావనయు, పిల్లలకు పప్పుబెల్లములును ఇచ్చెడివారు. వేడుకగా సాగిన ఆ తిరుగుడులో ఒక పరీక్షయు ఇమిడియుండెను. ఏ బాలునకు నోరు తిరిగినదో, ఏ బాలునకు తిరుగలేదో ఊరు వినెడిది. అంతమాత్రమున ఆ బడులను ఆదర్శములుగా చెప్పుటకు వీలులేదు. పేదల బిడ్డలలో పెక్కుమందికి, అంటరానివారని వెలివేయబడిన కులములవారికి, ఆడుపిల్లలకు ఆ అరుగు లెక్కు భాగ్యము తరచుగా లేకుండెను. నేటి సర్కారు బడి అందరికిని తలుపు తెరచినది. అది నిస్సంశయముగా గొప్ప మార్పు. అయితే ఊరు చెవియొగ్గి వినుట అను మంచి అలవాటు పాతవానితోపాటు పోయినది.

చట్టము ఈ లోపమును గుర్తింపకపోలేదు. 2010 ఏప్రిల్ 1వ తేదీ నుండి అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము ప్రభుత్వ పాఠశాలలకు యాజమాన్య సంఘములు ఉండవలెనని విధించినది. సభ్యులలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులో, సంరక్షకులో కావలెను; సగముమంది స్త్రీలు కావలెను. బడి పనితీరును కనిపెట్టుట, అభివృద్ధి ప్రణాళికను తయారుచేయుట, వచ్చిన ధనము ఎట్లు వ్యయమైనదో పరిశీలించుట ఆ సంఘముల విధులు. ఒకటి నుండి ఐదవ తరగతి వరకు ఏడాదికి 200 పనిదినములు, 800 బోధన గంటలు ఉండవలెననియు, 60 మంది వరకు పిల్లలున్నచోట ఇద్దరు ఉపాధ్యాయులుండవలెననియు ఆ చట్టపు అనుబంధములోనే యున్నది. అనగా ఊరివారు దేనిని కొలువవలెనో, ఏ కొలతతో కొలువవలెనో వ్రాసిపెట్టి పదునైదేండ్లు దాటినది.

2024-25 విద్యా సంవత్సరమును ఉదాహరణముగా గైకొన్నచో ఈ కొలత యెంత అవసరమో తెలియును. తెలంగాణములో ఆ అక్టోబరున సుమారు పదివేలమంది కొత్త ఉపాధ్యాయులు నియామక పత్రములు అందుకొనిరి. మరుసటి నెలలోనే ఇంటింటి కులసర్వే వచ్చినది. ప్రాథమికోపాధ్యాయులను గణకులుగా నియమించుటచేత, నవంబరు 6వ తేదీ నుండి సుమారు మూడు వారములు ప్రాథమిక పాఠశాలలు ఒంటిపూట నడచినవి. మార్చి నడుమ నుండి ఎండల కారణమున మరల ఒంటిపూట బడులే. ఆంధ్రప్రదేశ్‌లో 2024 ఆగస్టున యాజమాన్య సంఘముల ఎన్నికలు జరిగినవి. డిసెంబరు 7వ తేదీన రాష్ట్రమంతట ఒకే దినమున తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల సమావేశములు జరిగినవి. 16,347 ఉపాధ్యాయ పదవులకు ప్రకటన మాత్రము 2025 ఏప్రిల్ 20వ తేదీన, బడులు మూతపడుటకు మూడు దినముల ముందు వెలువడినది. ఎన్నికైనవారి చేతికి నియామక పత్రములు సెప్టెంబరునకు గాని రాలేదు.

ఈ వార్తలన్నియు పత్రికలలో వచ్చినవే. సర్వే అవసరమా, నియామకములు ఆలస్యమగుటకు బాధ్యులెవరు అనునవి శాసనసభలో తేల్చుకొనవలసిన ప్రశ్నలు. ఊరి ప్రశ్న వేరు. ఆ పదివేలమందిలో ఒకరు మన బడికి వచ్చిరా? ఒంటిపూటల మూలమున 800 గంటలలో మనకు తరిగినవెన్ని? మూడవ తరగతివారికి గణితములో ఏ పాఠము చెప్పక మిగిలిపోయినది? దీనికి సమాధానము రాజధానిలో దొరకదు. ఆ ఊరి హాజరు పట్టీలోను, ఆ పిల్లల నోటను మాత్రమే దొరకును.

ఒకే ఉపాధ్యాయుడున్న బడి విషయమున ఈ లెక్క మరింత ముఖ్యము. 2024-25 సంవత్సరమునకు కేంద్ర విద్యాశాఖ ప్రకటించిన గణాంకముల ప్రకారము దేశమున 1,04,125 పాఠశాలలు ఏకోపాధ్యాయ పాఠశాలలు. వానిలో చదువు పిల్లలు 33 లక్షలకు పైగా కలరు. అట్టి బడులు అన్నిటికంటె ఎక్కువగా ఉన్న రాష్ట్రము ఆంధ్రప్రదేశ్. వాని సంఖ్య 12,912. ప్రతి బడికి కనీసము ఇద్దరు ఉపాధ్యాయులుండవలెనని 1987లోనే ఆపరేషన్ బ్లాక్‌బోర్డు పథకము తలపెట్టినదని తలచినచో, ఈ అంకె మరింత బరువుగా తోచును. ఒకటవ తరగతికి అక్షరములు దిద్దించుచు, మూడవ తరగతిచేత ఎక్కములు అప్పజెప్పించుకొనుచు, ఐదవ తరగతికి భిన్నములు చెప్పవలసినవాడు ఒక్కడే. వంటపాకలోని అన్నమును రుచిచూడవలసినవాడును అతడే. అతనికి జ్వరము వచ్చినను, మండల కేంద్రములో సమావేశమున్నను, ఐదు తరగతులకును ఒక్కసారిగా చదువు ఆగును. వానకాలములో ఇట్లు జారిపోయిన దినములు ఏప్రిల్ నాటికి ఎవరికిని జ్ఞాపకముండవు. పిల్లవానికి చదువు రాలేదన్న సంగతి మాత్రము మిగులును. ఆ నింద పిల్లవానిమీదనో, పంతులుమీదనో పడును.

చదువు వచ్చినదో లేదో తెలిసికొనుటకు పెద్ద యంత్రాంగము అక్కరలేదు. గ్రామీణ ప్రాంతములలో ఇండ్లకు పోయి, బిడ్డల చేతికి ఒక చిన్న పాఠమిచ్చి చదివించుట అసర్ సర్వేవారి పద్ధతి. 2025 జనవరిలో వెలువడిన వారి నివేదిక ప్రకారము, దేశమునందలి గ్రామీణ ప్రభుత్వ పాఠశాలల మూడవ తరగతి పిల్లలలో రెండవ తరగతి పాఠము చదువగలవారు 2022లో నూటికి 16.3, 2024లో 23.4. కోవిడ్ కాలమున బడులు మూతపడి జరిగిన నష్టము నుండి తేరుకొనుచున్నామని సంతోషింపవచ్చును. అయినను నలుగురిలో ముగ్గురికి ఆ పాఠము నేటికిని కొరుకుడు పడలేదు. ఇది దేశపు సగటు. ఒక్కొక్క ఊరి అంకెను ఆ ఊరివారు ఒక్క సాయంకాలములో తామే తెలిసికొనవచ్చును.

తెలిసికొనకపోవుటవలన కలుగు నష్టము చిన్నది కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నాటి 117వ నంబరు ఉత్తర్వు క్రింద అనేక గ్రామములలో మూడు, నాలుగు, ఐదు తరగతులను సమీపమునందలి ఉన్నత పాఠశాలలకు తరలించిరి. 2025లో ఆ విధానమును రద్దుచేసి, తరగతికొక ఉపాధ్యాయుడుండు ఆదర్శ ప్రాథమిక పాఠశాలలను తలపెట్టిరి. ఉత్తర్వులు వచ్చును, పోవును. ఈ నడుమ ప్రైవేటు బడి బస్సు ఎక్కిన బిడ్డ తిరిగి నడచివచ్చునని ధైర్యముగా చెప్పలేము. తెలంగాణములో 2024-25లో ఒక్క బిడ్డయు లేని బడులు 2,245 అని కేంద్ర గణాంకములే చెప్పుచున్నవి. ఏ బడియు ఒక్కనాటిలో శూన్యము కాదు. ఒక ఏడు నలుగురు, మరొక ఏడు ఆరుగురు తగ్గుచు వత్తురు. నలుగురు తగ్గిన ఏటనే కారణమడిగినచో సరిదిద్దుకొన వీలుండును. చివరి ఏట అడిగి ప్రయోజనము లేదు. బస్సు కిరాయి పెట్టుకొనలేని కూలివాని బిడ్డకు ఊరి బడి పోయినచో వేరొక బడి లేదు.

ఇందుకు ఆక్షేపణలు లేకపోలేదు. పగటిపూట సమావేశము పెట్టినచో కూలికి పోవు తల్లి ఆనాటి కూలిని కోల్పోవలెను. సంఘపు ఎన్నికలలో ఊరి పక్షములు చొరబడును. చదువురాని తండ్రి పంతులు నేమి ప్రశ్నించునని కొందరు, ప్రశ్నించుట నేర్చినచో తమ గౌరవము నిలుచునా యని ఉపాధ్యాయులలో కొందరు శంకింతురు. మొదటిదానికి పరిష్కారము సాయంకాలమున సమావేశమగుట. రెండవది వెంటనే మానునది కాదు. అయినను లెక్కలు బిగ్గరగా చదువబడినచోట పక్షములకు చోటు తక్కువ. ఇక ఉపాధ్యాయుని భయము. బోధన విడిచి సర్వేలకు, ఎన్నికల పనులకు, సమావేశములకు తాను పోవలసివచ్చిన దినములెన్నో పదిమంది యెదుట చదువబడినచో, అతనికి అంతకు మించిన సాక్ష్యము లేదు. రెండవ ఉపాధ్యాయుని కొరకు ఒంటరిగా అర్జీ పెట్టుకొనుటకును, ఊరంతయు సంతకము చేసి అడుగుటకును భేదము కలదు.

డబ్బు విషయమును అడుగవలసినదే. 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము తల్లికి వందనము పథకము క్రింద బిడ్డకు 15,000 రూపాయల వంతున కేటాయించి, అందులో 2,000 రూపాయలు పాఠశాలల నిర్వహణ నిమిత్తము మినహాయించినది. మరుగుదొడ్డిలో నీరు వచ్చుచున్నదా యని అడుగుటకు తల్లికి ఇంతకంటె అధికారము కావలెనా?

ఏప్రిల్‌లో పరీక్షలు ముగిసిన పిదప, సెలవులకు ముందు, ఒక్క సాయంకాలము చాలును. నాలుగు లెక్కలు చదివిన చాలును: పాఠము జరిగిన దినములెన్ని, బడి విడిచిన బిడ్డలెందరు, మూడవ తరగతిలో తడుముకొనక చదువువారెందరు, వచ్చిన సొమ్మెంత. ఆ నాలుగంకెలను గోడమీద వ్రాసి, జూన్‌లో బడి తెరచునాటికి ఏది సరిదిద్దవలెనో సంఘము తీర్మానింపవలెను. మరుసటి ఏప్రిల్‌లో ఆ గోడయెదుటనే మరల కూర్చుండవలెను.