ఐదుగురు చాలన్న రాష్ట్రం

మొన్న తల్లిదండ్రుల సమావేశంలో ఒకాయన లేచి, "టీచర్, బడి మొత్తం కలిపినా తొంభై మంది లేరు. మనకు ఆటల జట్టు, జెర్సీలు ఎందుకండీ? ఆ డబ్బుతో పిల్లలకు ఇంకో ఇంగ్లీషు గైడు కొనివ్వొచ్చు కదా" అన్నారు. పిల్లల సంఖ్య తగ్గుతున్న ఏ తెలుగు బడిలోనైనా వచ్చే ప్రశ్నే ఇది. అప్పటికప్పుడు ఆయనకు సరిగా జవాబు చెప్పలేకపోయాను. తర్వాత ఆలోచిస్తే ఆ జవాబు నాకు మా హోసూరులో కాదు, అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో దొరికింది.

మా బడిలో చదువుకుని ఆ రాష్ట్రంలో కొలంబస్ అనే ఊళ్లో ఇంజనీరుగా ఉన్న కుర్రాడొకడు ఎప్పుడు ఫోన్ చేసినా అక్కడి బాస్కెట్‌బాల్ పిచ్చి గురించే చెబుతాడు. 2025లో ఇండియానా పేసర్స్ జట్టు ఎన్.బి.ఎ. ఫైనల్స్‌లో ఏడో మ్యాచ్ దాకా వెళ్లి ఓడిపోయింది. మర్నాడు ఆఫీసులో ఎవరూ సరిగా పని చేయలేదట. అక్కడ కోల్ట్స్ అనే ఫుట్‌బాల్ జట్టు కూడా ఉంది. 1984లో బాల్టిమోర్ నుంచి రాత్రికి రాత్రి సామానంతా లారీలకెక్కించుకుని వచ్చేసిన జట్టది. డబ్బుల జట్లు అంతే, ఈరోజు ఇక్కడ, రేపు ఇంకెక్కడో. నన్ను పట్టుకున్నవి ఆ జట్లు కావు, అక్కడి హైస్కూలు జట్లు.

న్యూ క్యాజిల్ అని ఒక ఊరుంది. జనాభా ఇరవై వేల లోపే. ఆ ఊరి హైస్కూలు ఆటల హాలులో ఎనిమిది వేల మందికి పైగా కూర్చోవచ్చు. అంటే దాదాపు సగం ఊరు! అమెరికాలో హైస్కూళ్లకున్న అతి పెద్ద బాస్కెట్‌బాల్ హాళ్లలో ఎక్కువ భాగం ఈ ఒక్క రాష్ట్రంలోనే ఉన్నాయి. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. అది వ్యవసాయ ప్రాంతం. పంట ఇంటికొచ్చాక చలికాలమంతా ఖాళీ. పల్లెటూరి బడిలో ఫుట్‌బాల్‌కు పదకొండు మంది దొరకరు. బాస్కెట్‌బాల్‌కైతే ఐదుగురు చాలు. అలా ఆ ఆట ఊరూరా పాతుకుపోయింది.

1911 నుంచి 1997 దాకా రాష్ట్రంలోని హైస్కూళ్లన్నింటికీ కలిపి ఒకటే టోర్నమెంటు జరిగేది. పెద్ద బడులకొకటి, చిన్న బడులకొకటి అనే విభజన లేదు. రెండు వేల మంది చదివే బడి, నూట యాభై మంది చదివే బడి ఒకే కప్పు కోసం పోటీ పడాల్సిందే. 1954లో 751 బడులు ఇలా దిగితే, చివరికి గెలిచింది మైలన్ అనే పల్లెటూరి బడి. (ఇటలీలోని మిలాన్ పేరే, వాళ్లు పలికే తీరు వేరు.) బడి మొత్తం మీద విద్యార్థులు 161 మంది. కోచ్ మార్విన్ వుడ్ వయసు 26. ఫైనల్లో ఎదురుగా ఉన్నది తమకు పది రెట్లు పెద్దదైన మన్సీ సెంట్రల్. బాబీ ప్లంప్ అనే కుర్రవాడు చివరి క్వార్టర్‌లో బంతిని నాలుగు నిమిషాలకు పైగా చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఆఖరి క్షణాల్లో అతనే బంతి వేస్తే 32-30తో మైలన్ గెలిచింది. దాన్ని ఆధారం చేసుకునే 1986లో 'హూజియర్స్' సినిమా వచ్చింది.

సినిమా చూసి ఆగిపోతే సగం కథే తెలుస్తుంది. అదే టోర్నమెంటులో మైలన్ చేతిలో ఓడిన జట్లలో క్రిస్పస్ అటక్స్ హైస్కూలు కూడా ఉంది. నల్లజాతి పిల్లలను తెల్లవాళ్లతో కలవనీయకుండా ఇండియానాపొలిస్‌లో 1927లో విడిగా తెరిచిన బడి అది. 1942 దాకా ఆ బడికి రాష్ట్ర టోర్నమెంటులో ప్రవేశమే లేదు. సొంత బడిలో మ్యాచ్‌లు పెట్టుకోవడానికి సరైన హాలు కూడా లేదు, ఎప్పుడూ పరాయి చోటే ఆడాలి. అయితే ఇంకెక్కడా ఉద్యోగాలివ్వని రోజుల్లో పెద్ద పెద్ద డిగ్రీలున్న నల్లజాతి ఉపాధ్యాయులు ఈ బడిలో పాఠాలు చెప్పారు. టీచరును కాబట్టి కాబోలు, నాకు ఆటకన్నా ఈ సంగతే ఎక్కువ గుర్తుండిపోయింది. ఓడిన మరుసటి ఏడాదే, 1955లో, కోచ్ రే క్రో శిక్షణలో, ఆస్కార్ రాబర్ట్‌సన్ ఆటతో అటక్స్ కప్పు గెలిచింది. 1956లో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా మళ్లీ గెలిచింది. 1955 ఊరేగింపును మాత్రం నగరం నడిబొడ్డున సాగనివ్వకుండా నల్లజాతి పేటలోని పార్కుకు మళ్లించారు. ఆ అవమానాన్ని రాబర్ట్‌సన్ ఎన్నడూ మరిచిపోలేదు.

ఆ రాష్ట్రంలో కూడా లెక్కల వాళ్లు వచ్చారు. 1959లో బడుల పునర్వ్యవస్థీకరణ చట్టం చేశారు. తక్కువ మంది పిల్లలతో బడి నడపడం దండగ, కలిపేస్తే ల్యాబులు వస్తాయి, సబ్జెక్టు టీచర్లు వస్తారు అన్నారు. అందులో నిజం లేకపోలేదు. కలిసిపోయి బాగుపడిన ఊళ్లూ ఉన్నాయి. ఒకప్పుడు పోటాపోటీగా ఉన్న ఫ్రెంచ్ లిక్, వెస్ట్ బేడెన్ ఊళ్లు 1957లో తమ బడులను కలిపి స్ప్రింగ్స్ వ్యాలీ హైస్కూలు పెట్టుకున్నాయి. ఆ బడి జట్టు మొదటి ఏడాదే రాష్ట్రంలో చివరి నాలుగు జట్లలో ఒకటిగా నిలిచింది. ల్యారీ బర్డ్ తర్వాత అక్కడే చదివాడు. కానీ 751 బడులు పోటీ పడిన రాష్ట్రంలో ఇప్పుడు మిగిలిన హైస్కూళ్లు 400 చుట్టుపక్కలే. మిగతా ఊళ్లలో బడి పేరు, జట్టు పేరు, జెర్సీ రంగు అన్నీ పోయాయి. నైట్స్‌టౌన్‌లో 1966లో మూతపడిన పాత ఆటల హాలును ఇప్పుడు చూడటానికి వచ్చేవాళ్ల కోసం కాపాడుతున్నారు. ఆ సినిమా తీసింది అందులోనే. అటక్స్‌లో కూడా 1986లో హైస్కూలు తరగతులు ఆగిపోయాయి, 2006లో గానీ మళ్లీ మొదలు కాలేదు.

1997 తర్వాత ఒకే టోర్నమెంటు పోయి, విద్యార్థుల సంఖ్యను బట్టి నాలుగు తరగతులు, నాలుగు కప్పులు వచ్చాయి. ప్రధానోపాధ్యాయుల ఓటింగులో ఎక్కువమంది మార్పు వైపే మొగ్గారు. ఏటా మొదటి రౌండులోనే చిత్తుగా ఓడి ఇంటికి వచ్చే పిల్లల మొహాలు చూసినవాళ్లను తప్పుపట్టలేను. బాబీ ప్లంప్ మాత్రం దీన్ని గట్టిగా వ్యతిరేకించాడు. నేనూ ఆయన పక్షమే. మైలన్ గెలిచింది చిన్న బడుల కప్పు అయి ఉంటే ఇన్నేళ్ల తర్వాత ఆ పేరు ఎవరికి గుర్తుండేది? చిన్న బడి అని జాలిపడి పక్కన వేరే గీత గీస్తే పిల్లవాడికి బహుమతి దొరకవచ్చు. కానీ పెద్ద బడి పిల్లవాడు వీణ్ణి ఎప్పుడు చూస్తాడు? వీడు వాణ్ణి ఎప్పుడు చూస్తాడు?

ఆడపిల్లల మాట కూడా చెప్పాలి. అంత పిచ్చి ఉన్న రాష్ట్రంలోనూ వాళ్లకు రాష్ట్ర టోర్నమెంటు 1976లో గానీ మొదలు కాలేదు. అబ్బాయిల కన్నా అరవై ఐదేళ్లు ఆలస్యంగా.

మా బడిలో ఎనిమిది నుంచి పది దాకా ఆడపిల్లలు పద్నాలుగు మంది. కబడ్డీకి బరిలో ఏడుగురు చాలు. జోనల్ పోటీలకు పేర్లు ఇచ్చేశాం, మా మండలంలోని పెద్ద తమిళ బడులన్నీ వస్తాయి. జెర్సీల వెనుక బడి పేరు తెలుగులోనే రాయిస్తున్నాం, ఖర్చు టీచర్లం పంచుకుంటున్నాం. ఆ రోజు అడిగిన పెద్దాయన కూతురు తొమ్మిదో తరగతి, రైడింగ్ బాగా చేస్తుంది. శనివారం సాయంత్రం ప్రాక్టీసు ఆరింటి దాకా ఉంటుంది. అమ్మాయిని తీసుకెళ్లడానికి ఆయన ఒక గంట ముందే వస్తే మంచిది.