సగటు మనది, సొమ్ము ఎవరిది?

2024 నవంబర్ 24 తెల్లవారుజామున అజర్‌బైజాన్ రాజధాని బాకూలో ఐక్యరాజ్యసమితి వాతావరణ సదస్సు (కాప్-29) అధ్యక్షుడు బల్ల మీద సుత్తి కొట్టేశారు. ఒప్పందం ఆమోదం పొందినట్టు లెక్క. అభివృద్ధి చెందుతున్న దేశాలు ఏడాదికి లక్షా 30 వేల కోట్ల డాలర్లు అడిగాయి. ధనిక దేశాలు 2035 నాటికి ఏడాదికి 30 వేల కోట్ల డాలర్లు సమకూరేలా తాము ముందుంటామన్నాయి. అదీ ప్రభుత్వ నిధి, ప్రైవేటు పెట్టుబడి, బ్యాంకు రుణం అన్నీ కలిపి. సుత్తి పడ్డాక మైకు దొరికిన భారత ప్రతినిధి చాందినీ రైనా ఈ పత్రం ఒక కనికట్టు తప్ప మరేమీ కాదని, భారత్ దీన్ని ఒప్పుకోవడం లేదని చెప్పారు.

ఆమె అన్నది న్యాయమైన మాట. దాన్ని మనం పూర్తిగా సమర్థించాలి. అయితే ఆ మాటకు బలం ఎవరి బతుకుల నుంచి వచ్చిందో, ఆ పేరుతో వచ్చే సొమ్ము ఎవరికి చేరుతుందో కూడా మనమే అడగాలి. మన తరఫున ఇంకెవరూ అడగరు.

చరిత్ర మర్చిపోమనే వాదన

ఒకసారి గాలిలో కలిసిన బొగ్గుపులుసు వాయువు వందల ఏళ్లు అక్కడే ఉంటుంది. కాబట్టి ఈ ఏడాది ఎవరు ఎంత పొగ వదిలారన్నది సగం లెక్కే. ఇన్నేళ్లుగా ఎవరు ఎంత పోగేశారన్నది అసలు లెక్క. పారిశ్రామిక విప్లవం నుంచి నేటి దాకా బొగ్గు, చమురు, గ్యాస్ కాల్చడం వల్ల పోగైన వాయువులో ఒక్క అమెరికా వాటాయే దాదాపు నాలుగో వంతు. ప్రపంచ జనాభాలో 17 శాతానికి పైగా ఉన్న భారత్ వాటా నాలుగు శాతం దగ్గర ఉంది. ఇప్పటికీ ఏడాదికి సగటు అమెరికన్ 14 టన్నుల మేర వదులుతుంటే, సగటు భారతీయుడు రెండు టన్నుల మేర వదులుతున్నాడు.

అందుకే 1992లో రియోలో కుదిరిన ఒప్పందం ఒక సూత్రం పెట్టింది. బాధ్యత అందరిదీ, కానీ ఎవరి వాటా ఎంతో వారి చరిత్రను, శక్తిని బట్టి తేలాలి. ఈ సూత్రం మనకు కొత్త కాదు. అసమానుల్ని సమానంగా చూస్తే అసమానతే మిగులుతుందన్న రిజర్వేషన్ల న్యాయమే ఇది. దాని మీద దాడి కూడా మనం ఎరిగిన తీరులోనే జరిగింది. "ఇప్పుడు అందరూ సమానమే కదా, పాత లెక్కలెందుకు?" అని. వర్ధమాన దేశాలకూ అదే గడువులో షరతులు పెట్టని ఏ ఒప్పందం మీదా సంతకం చేయొద్దని 1997లో అమెరికా సెనేట్ 95-0 ఓట్లతో తీర్మానించింది. అదే ఏడాది కుదిరిన క్యోటో ఒప్పందాన్ని ఆ దేశం చివరి దాకా ధ్రువీకరించలేదు. 2015 పారిస్ ఒప్పందం 'నష్టం' అనే మాటను ఒప్పుకుంది కానీ, దానితో పాటు చేసిన నిర్ణయంలోని 51వ పేరా ఆ మాట ఆధారంగా పరిహారం అడగడానికి వీల్లేదని రాసింది. సాయం చేస్తాం, తప్పు మాత్రం ఒప్పుకోం అన్నమాట.

సముద్రం మింగేస్తున్న చిన్న ద్వీప దేశాల తరఫున వనువాటు 1991లోనే నష్టపరిహార ఏర్పాటు కావాలని అడిగింది. నిధి పెట్టాలన్న నిర్ణయం 2022లో వచ్చింది. ముప్పై ఒక్క ఏళ్లు! మరుసటి ఏడాది దుబాయ్ సదస్సులో ఆ నిధికి వచ్చిన హామీలు దాదాపు 70 కోట్ల డాలర్లు. అందులో అమెరికా వాటా కోటీ 75 లక్షలు. 2025 మార్చిలో అమెరికా ఆ నిధి బోర్డు నుంచే తప్పుకుంది.

ఇచ్చేదైనా ఏ రూపంలో ఇస్తున్నారు? 2020 నాటికి ఏడాదికి 10 వేల కోట్ల డాలర్లు అని 2009లో కోపెన్‌హాగెన్‌లో ఇచ్చిన మాట, ధనిక దేశాల సొంత లెక్కల ప్రకారమే 2022లో గానీ నెరవేరలేదు. ఆ ఏడాది ప్రభుత్వాల ద్వారా వచ్చిన సొమ్ములో మూడింట రెండొంతులకు పైగా అప్పులే. ఎగువ ఆసామి తన పొలం కోసం చెరువు కట్ట తెంపితే దిగువన వాడ మునిగింది. మర్నాడు ఆయనే వచ్చి, గుడిసె వేసుకోవడానికి వడ్డీకి డబ్బిస్తానంటే దాన్ని సాయం అంటామా?

2025 జూలై 23న అంతర్జాతీయ న్యాయస్థానం, వనువాటు చొరవతో తన ముందుకు వచ్చిన ప్రశ్నకు జవాబుగా, వాతావరణాన్ని కాపాడటం దేశాల చట్టబద్ధ బాధ్యత అని, దాన్ని మీరితే పరిహారం దాకా పోవచ్చని అభిప్రాయం చెప్పింది. అది తీర్పు కాదు, సలహా మాత్రమే. అయినా దయ అన్న మాట స్థానంలో హక్కు అన్న మాట నిలబడింది.

రెండు టన్నుల సగటులో ఎవరున్నారు?

ఇక ఇంటి లెక్కకు వద్దాం. గదికో ఏసీ, రెండు కార్లు, ఏడాదికి పది విమాన ప్రయాణాలు ఉన్న కుటుంబం, ఒక ఫ్యాను, రెండు బల్బులతో బతికే కూలి కుటుంబం, రెండూ ఆ సగటులోనే ఉన్నాయి. సగటును కిందికి లాగుతున్నది రెండో కుటుంబం. మనం కొనలేకపోయినవీ, ఎక్కలేకపోయినవీ, వెలిగించలేకపోయినవీ కలిసి భారత్‌కు అంతర్జాతీయ వేదిక మీద నైతిక బలమయ్యాయి. ఇది మన పర్యావరణ స్పృహ కాదు, లేమి.

1991లో అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ బతకడానికి వదిలే వాయువునూ విలాసానికి వదిలే వాయువునూ ఒకే గాటన కట్టకూడదని వాదించారు. ఆ వాదన దేశాల మధ్య ఎంత నిజమో దేశం లోపలా అంతే నిజం. సంపన్న భారతీయులు పేదల వెనక దాక్కుంటున్నారని గ్రీన్‌పీస్ ఇండియా 2007లోనే ఒక నివేదిక రాసింది. అందులో మనం చేర్చాల్సింది కులం.

నష్టం ఎవరి నెత్తిన పడుతోంది?

2011 జనాభా లెక్కల ప్రకారం సేద్యం మీద బతికే దళితుల్లో దాదాపు 71 శాతం మంది కూలీలు. వరదొచ్చి పంట పోతే పెట్టుబడి రాయితీ, బీమా భూమి కాగితం ఉన్నవారి వైపే వెళ్తాయి. నెల రోజుల పని పోయిన కూలీ నష్టం ఏ పట్టికలోనూ ఉండదు. కౌలు రైతు సంగతీ అంతే. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం కింద సాగు హక్కు కార్డు కావాలంటే భూ యజమాని సంతకం కావాలి. వాడ మనిషికి ఆ సంతకం పెట్టే ఆసాములు ఎందరు?

2015 మే నెల వడగాడ్పులకు దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోతే అత్యధికులు తెలుగు రాష్ట్రాల వాళ్లు. ఎండలో పని మానుకోలేని వాళ్లే ఎక్కువగా పోయారు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరద విజయవాడ సింగ్ నగర్‌ను ముంచింది. నీళ్లు తీశాక ఆ బురద ఎత్తడానికి ఇతర మున్సిపాలిటీల నుంచి కూడా పారిశుధ్య కార్మికుల్ని తెచ్చారు. ఆ కార్మికులు ఏ కులాల వాళ్లో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

2004 సునామీ తర్వాత తమిళనాడు శిబిరాల్లో దళితులకు నీళ్లు, తిండి, చోటు దగ్గర ఎదురైన వివక్షను హక్కుల సంఘాలు నమోదు చేశాయి. మరుసటి ఏడాది వచ్చిన విపత్తు నిర్వహణ చట్టంలోని 61వ సెక్షన్ సహాయ, పరిహారాల్లో కుల వివక్షను నిషేధించింది. మంచి సెక్షనే. కానీ సాయం ఏ కులానికి ఎంత అందిందో లెక్క కట్టకుండా వివక్ష జరగలేదని ఎలా తేలుస్తారు?

'అంతర్గత వ్యవహారం'

2001లో డర్బన్‌లో జాతివివక్ష వ్యతిరేక సదస్సు జరిగినప్పుడు కులం తమ అంతర్గత వ్యవహారమని భారత ప్రభుత్వం పట్టుబట్టింది. వాతావరణ చర్చల్లోనూ ఆ గోడ అలాగే ఉంది. పారిస్ ఒప్పందం పీఠికలో ఆదివాసులు, వలసదారులు, పిల్లలు, వికలాంగులు, మహిళలు ఉన్నారు. కులం లేదు. పౌర సమాజానికి ఉన్న తొమ్మిది అధికారిక బృందాల్లో యువత, కార్మిక సంఘాలు, వ్యాపారులు ఉన్నారు. దళితులకంటూ బృందం లేదు. 2025 నవంబర్‌లో బ్రెజిల్‌లోని బెలేంలో నల్లజాతి వారసుల ప్రస్తావన నిర్ణయ పత్రాల్లోకి ఎక్కింది. వాళ్ల ఉద్యమాలు పట్టుబట్టి సాధించుకున్న మాట అది. మనకూ ఆ దారి ఉంది.

ఈ మాట ఎత్తితే ధనిక దేశాల ముందు భారత్ చేయి బలహీనపడుతుందని కొందరు మిత్రులు అంటారు. అలా కాదు. ముంబైలో కోటీశ్వరులున్నంత మాత్రాన అమెరికా బాకీ ఒక్క డాలరు కూడా తగ్గదు. ఆ బాకీ పూర్తిగా వసూలు కావాలి. వసూలైనది అప్పు పడ్డ వాళ్లకు కాక, నష్టపోయిన వాళ్లకు చేరాలి. ఈ రెండూ ఒకే డిమాండులో రెండు సగాలు.

మనం ఏం అడగాలి?

దారి మన దగ్గరే ఉంది. బడ్జెట్‌లో జనాభా నిష్పత్తి ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు నిధులు కేటాయించాలని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2013లో సబ్‌ప్లాన్ చట్టం చేసింది. ఆ నిధుల్ని దారి మళ్లించిన చరిత్ర కూడా మనకు తెలుసు. అందుకే వాతావరణ నిధుల విషయంలో మొదటి నుంచే మూడు మాటలు గట్టిగా అడగాలి. ఒకటి, బయటి నుంచి వచ్చినా బడ్జెట్ నుంచి వచ్చినా ప్రతి వాతావరణ పథకంలో దళిత, ఆదివాసీ వాటా చట్టబద్ధంగా ఉండాలి. రెండు, కూలీ కోల్పోయిన పని దినాల్ని పంట నష్టంతో సమానంగా నష్టమని గుర్తించాలి. మూడు, విపత్తు సాయం వివరాల్ని కులాల వారీగా, గ్రామాల వారీగా బయటపెట్టాలి.

రాజకీయాల్లో సమానత్వం, సామాజిక ఆర్థిక జీవితంలో అసమానత్వం అనే వైరుధ్యంలోకి అడుగుపెడుతున్నామని అంబేడ్కర్ 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభను హెచ్చరించారు. ఒక దేశానికి ఒక ఓటు ఉన్న వాతావరణ సదస్సుల్లో భారత్ ఎదుర్కొంటున్నది అదే వైరుధ్యం. భారత్ లోపల మనం ఎదుర్కొంటున్నదీ అదే. తర్వాతి సదస్సు 2026 నవంబర్‌లో తుర్కియేలోని అంటాల్యాలో జరగాల్సి ఉంది. అక్కడ ఢిల్లీ ప్రతినిధులు మళ్లీ రెండు టన్నుల సగటు చూపిస్తారు. ఆలోగా మన విద్యార్థి సంఘాలు తమ రాష్ట్ర వాతావరణ కార్యాచరణ ప్రణాళికను తెప్పించుకుని చదవాలి. అందులో వాడ ఎక్కడుందో, కూలీ ఎక్కడుందో, ఎంత డబ్బు రాశారో వెతకాలి. లేకపోతే కలెక్టరేట్ నుంచి మొదలుపెట్టి అడగాలి.