హీరో వేరు, వీరుడు వేరు

'వీర' శబ్దమే గ్రీకుల నోట పడి 'హీరో' అయిందని, కాబట్టి సినిమా హీరో మీది అభిమానం మన పాత వీరపూజకు కొనసాగింపేనని ఒక వాదం చలామణిలో ఉంది. ఈ రెండు మాటలూ నిలవవు.

ముందు శబ్దం సంగతి. సంస్కృత 'వీర'కు చుట్టం లాటిన్‌లోని 'విర్', అంటే పురుషుడు. గ్రీకు 'హేరోస్' ఆ కుదురులోది కాదు. గ్రీసులోని పైలోస్‌లో దొరికిన, సుమారు 3,200 ఏళ్లనాటి మట్టి పలకల్లో నైవేద్యం అందుకునే ఒక దేవత పేరులో ఈ మాట ఉంది. ఆ లిపిలో వకారానికి విడిగా గుర్తులున్నాయి. ఈ మాటలో మాత్రం వకారం లేదు.

పాత అర్థంలో కొంత పోలిక ఉన్నమాట నిజమే. హోమర్ కావ్యాల్లో బతికున్న యోధులకూ వాడిన హేరోస్, తర్వాతి గ్రీకు ఊళ్లలో సమాధి దగ్గర బలులందుకునే మృతుడయ్యాడు. మన వీరగల్లూ పోయినవాడికే. దొంగలు తోలుకుపోతున్న పశువులను విడిపించబోయో, పులితో కలబడో ప్రాణం విడిచినవాడికి నిలిపిన రాయి అది. చాలావాటిలో కింది అరలో పోరు, నడుమ అతణ్ణి పైకి తీసుకుపోయే అప్సరసలు, పైన శివలింగం. గెలుపుతో నిమిత్తం లేదు. కారెంపూడిలో ఏటా కార్తీకంలో పూజలందుకునేదీ 12వ శతాబ్దపు పల్నాటి పోరులో నేలకొరిగినవారే.

సినిమా హీరో వంశం వేరు. కథలో ప్రధాన పురుషపాత్ర అనే అర్థం ఈ మాటకు ఇంగ్లిషులో 17వ శతాబ్దం చివర్లో వచ్చింది. మన నాటకశాస్త్రంలో దానికి సాటి నాయకుడు, వీరుడు కాదు. నాయకుల నాలుగు తరగతుల్లో ధీరశాంతుడికి ఉదాహరణ మృచ్ఛకటికంలోని చారుదత్తుడు. దానాలు చేసి చితికిపోయిన వర్తకుడతను, యోధుడు కాడు. హీరో అన్నది కథలో స్థానమే తప్ప చేసిన పనికి దక్కే బిరుదు కాదు.

హైదరాబాద్‌లో కొత్తపేటకు అటూ ఇటూ చూస్తే ఈ తేడా తెలుస్తుంది. అటు దిల్‌సుఖ్‌నగర్ థియేటర్ల ముందు బొమ్మ పడకముందే కటౌటుకు పూలదండ. ఆ బొమ్మ పోతే ఇంకో కటౌటు. ఇటు ఎల్బీనగర్ చౌరస్తాలో శ్రీకాంతాచారి విగ్రహం. ప్రత్యేక తెలంగాణ కోసం 2009 నవంబరు 29న అక్కడే ఆత్మాహుతికి పాల్పడి, డిసెంబరు 3న కన్నుమూసిన యువకుడతను. ఆ చావును ఎవరూ ఆదర్శంగా తీసుకోకూడదు. అయినా అక్కడి దండ పోయినవాడిని తలచుకుని వేసేది, రాబోయే సినిమా కోసం వేసేది కాదు.

అభిమానుల సందడి వినోదం. అందులో తప్పేమీ లేదు. దానికి వీరపూజ వారసత్వం అంటగట్టడమే తప్పు. రెండు పద్దులూ ఒకే ఖాతాలో రాస్తే, నటుడు చేయని త్యాగం అతని పేరున జమవుతుంది.