రాడ్డు కాలితే కంపెనీని తిడతం, ట్యాంకులో ఏ నీళ్లు పోస్తున్నరో అడగం



ఈ చలికాలం మా ఊళ్లో ఏ ఇంటికి పోయినా ఒకటే ముచ్చట, హీటర్ రాడ్డు కాలిపోయింది. కొన్నవాళ్లు షాపాయన్ను తిడుతున్నరు, షాపాయన కంపెనీని తిడుతున్నడు. డూప్లికేట్ మాల్ అని తేల్చేసి ఇంకోటి తెచ్చుకుంటున్నం. అదీ సంక్రాంతి దాటేసరికి పోతది. ఒక్కరన్నా ఆ రాడ్డును గోరుతో గీకి చూసిండ్రా? సున్నం పూసినట్టు తెల్ల పెచ్చు ఉంటది. అది కంపెనీ నుంచి రాలేదు, నల్లా నుంచి వచ్చింది.

మన నల్లగొండ దిక్కు చాలా బోర్లల్ల నీళ్లకు హార్డ్‌నెస్ ఎక్కువ. కాల్షియం, మెగ్నీషియం కరిగి ఉంటయి. నీళ్లు కాగినప్పుడు ఆ సున్నం విడిపోయి రాడ్డు మీదనే గడ్డ కడతది. పెచ్చు మందమైన కొద్దీ వేడి నీళ్లకు సరిగ్గా అందదు, రాడ్డు లోపలే కాలి కాలి పైతొడుగు పగులుతది. పగిలిందంటే కరెంటు నీళ్లలోకి వస్తది. ఆ బకెట్ల చెయ్యి పెట్టేది మన ఇంటి ఆడవాళ్లు, పిల్లలు. అందుకే ఇది రాడ్డు ఖరీదుతో తీరిపోయే ముచ్చట కాదు అంటున్న.

ఒక లెక్క చూడండి. తాగే నీళ్లకు మన దేశ ప్రమాణం ప్రకారం హార్డ్‌నెస్ లీటరుకు 200 మిల్లీగ్రాములు. వేరే నీళ్లు దొరకనప్పుడు మాత్రమే 600 దాకా ఒప్పుకుంటరు. 600 ఉన్న నీళ్లయితే 20 లీటర్ల బకెట్ల 12 గ్రాముల సున్నపురాయి కరిగి ఉన్నట్టు. రోజుకు నాలుగు బకెట్లు కాస్తే ఏడాదికి 17 కిలోల పైనే. అంతా రాడ్డుకు అంటదు, కొంతే అంటుతది, ఆ కొంతే చాలు. డ్రిప్పు పెట్టిన రైతుకు ఇది కొత్తగా చెప్పాల్నా? డ్రిప్పర్లు మూసుకపోతే యాసిడ్ పెట్టి కడుగుతం. బత్తాయి తోటకు చేసిన ఆలోచన ఇంట్ల రాడ్డుకు చెయ్యం! వాషింగ్ మిషన్ జాలీ పట్టేసేది, కూలర్ గడ్డి రాయిలెక్క అయ్యేది, సబ్బు నురగ రాక ఆడవాళ్ల చేతులు పుండ్లయ్యేది, అన్నీ ఈ నీళ్లతోనే.

ఇగ మిషన్లు అమ్మేటోళ్ల సంగతి. మొన్న ఒకాయన బైక్ మీద వచ్చి రెండు గ్లాసులు పెట్టిండు, ఒకదాంట్ల మన నల్లా నీళ్లు, ఇంకోదాంట్ల ఆయన తెచ్చిన ఆర్వో నీళ్లు. ఇనుప పుల్లలున్న డబ్బా కరెంటుకు పెట్టి ముంచితే మన గ్లాసు గోధుమరంగు బురద అయింది. "చూడండి, మీరు తాగేది ఇదే" అన్నడు. జనం నోరు తెరిచిండ్రు. ఆ బురద నీళ్లది కాదు, ఆ పుల్లల ఇనుము కరిగి వచ్చింది. ఉప్పులు లేని ఆర్వో నీళ్లల్ల కరెంటు పారదు కాబట్టి అది తేటగా ఉంటది. ఆయన గ్లాసులనే చిటికెడు ఉప్పు వేసి ముంచమనండి, అదీ అట్లనే మారుతది. మనకు చదువు లేదనుకొని ఆడే గారడీ ఇది.

అసలు అడగాల్సింది పంచాయతీని. మిషన్ భగీరథ పైలాన్ 2015ల మన చౌటుప్పల్‌లనే వేసిండ్రు. కృష్ణ నీళ్లు ఇంటింటికీ అన్నరు, పైపులు వచ్చినయి, నీళ్లూ వచ్చినయి, కాదనను. కాని పైనుంచి సప్లై ఆగిన రోజు ఏం చేస్తున్నరు? పాత బోరు మోటార్ వేసి అదే ట్యాంకు నింపుతున్నరు, అదే నల్లాల వదులుతున్నరు. మనకు ఒక్క మాట చెప్పరు. కృష్ణ నీళ్లకు కూడా కొంత పెచ్చు కడతది, కాని నెలకే ఇంత కట్టదు. అట్ల కట్టిందంటే బోరు నీళ్లు కలుస్తున్నయని అనుమానపడాల్సిందే.

పెచ్చు నయం, కంటికి కనపడతది. ఫ్లోరైడ్ కనపడదు. రంగు లేదు, వాసన లేదు, కాచినా పోదు. చేతిల టీడీఎస్ మీటర్ పెట్టి "పర్వాలేదు" అనేటోళ్లకు చెప్పండి, ఆ మీటర్ ఫ్లోరైడ్ ఎంతో చెప్పదు, హార్డ్‌నెస్ ఎంతో కూడా విడిగా చెప్పదు. నీళ్లు మెత్తగా చేసే ఉప్పు మిషన్ పెట్టినా ఫ్లోరైడ్ పోదు. నడుములు వంగిన పెద్దమనుషులను చూసుకుంట పెరిగిన జిల్లా మనది. మనకే చెప్పకుండా ఆ బోరు నీళ్లు కలుపుతరా?

"బోరు వెయ్యకపోతే మీకు నీళ్లే రావు" అని వాటర్‌మ్యాన్ అంటడు. పాపం, ఆయన తప్పు కూడా కాదు. బోరు బంద్ చెయ్యమని ఎవరన్నరు? బోరు నీళ్లు ఇచ్చే రోజు మైకుల చెప్పండి. బట్టలకు, బర్లకు వాడుకుంటం, తాగేదానికి ముందురోజే పట్టి పెట్టుకుంటం. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు కిట్టుతో నీళ్ల పరీక్ష నేర్పాలె. మీ ఊళ్ల ఆ ఐదుగురు ఎవరు, కిట్టు ఏ బీరువాల ఉన్నది, అడగండి.

అప్పటిదాకా రాడ్డును నెలకోసారి ప్లగ్గు తీసి, చల్లారినంక, నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లల్ల నానబెట్టి కడగండి. బాత్రూం యాసిడ్ మాత్రం వద్దు, లోహాన్ని తింటది.

జనవరి 26 గ్రామసభకు నేను రెండు సీసాలు తీసుకపోతున్న. ఒకటి భగీరథ నీళ్లు వచ్చిన రోజుది, ఇంకోటి రాని రోజుది. రెండిట్ల సమానంగా సబ్బు వేసి అందరి ముంగట ఊపుత. ఏది నురగ కట్టిందో సర్పంచే చెప్పాలె. మీరు కూడా మీ ఊళ్లల్ల ఇప్పటినుంచే పట్టి పెట్టుకోండి, సీసా మీద తారీకు రాయడం మర్చిపోకండి.